పల్లె బావిలో మందు

ఆ ఏడు కాలవలకు నీళ్ళు ఆలస్యంగా వదిలారు. జూలై సగం గడిచినా రేపల్లె వైపు చేలు నెర్రెలు విచ్చుకునే ఉన్నాయి. తీరా వదిలాక, ఎగువ ఊళ్ళ మురికినంతా కడుక్కుంటూ ఎర్రటి కొత్తనీరు దిగువకు పరుగెత్తుకొచ్చింది. దాని వెనకే వాంతులూ విరేచనాలూ వచ్చాయి. తెనాలి చుట్టుపక్కల రెండు మూడు ఊళ్ళలో కలరా అని తేలేసరికి, దిగువ ఊళ్ళలో బావులన్నీ ముందే శుద్ధి చెయ్యాలని ఆరోగ్యశాఖ వాళ్ళు తొందరపడ్డారు. మనుషులు చాలక గుంటూరులో మెడిసిన్ చదివే కుర్రాళ్ళను కూడా పంపించారు. 1968 నాటి సంగతి ఇది.

అలా వచ్చినవాళ్ళలో నందివెలుగు బసవపున్నయ్యగారి రెండో కొడుకు శేషగిరిరావు ఒకడు. నాలుగో సంవత్సరం చదువుతున్నాడు. వాళ్ళ వంశంలో డాక్టరు చదువు చదివేది అతనే మొదలు. డాక్టరంటే కత్తి పట్టేవాడేనని అతని నమ్మకం. ఆపరేషను గదిలో కాళ్ళు పీకేదాకా నిలబడమన్నా నిలబడేవాడు గాని, ప్రజారోగ్యం క్లాసులో మాత్రం చివరి బెంచీ చూసుకుని కునుకు తీసేవాడు. బావులూ దొడ్లూ ఈగలూ దోమలూ చూసుకోవడానికి శానిటరీ ఇన్‌స్పెక్టరు చాలడా, దానికి డాక్టరెందుకని వాదించేవాడు. అతనొక్కడే కాదు, హాస్టల్లో అందరూ దాన్ని 'పాయిఖానాల పాఠం' అనే పిలుచుకునేవాళ్ళు. ఆ పాఠం చెప్పే వెంకటరత్నంగారికి ఆ పేరు తెలుసు. తెలిసినా తెలియనట్టే పాఠం చెప్పుకుపోయేవారు.

శేషగిరికి జోడీగా బాపట్ల కుర్రాడు ఇమాముద్దీన్ పడ్డాడు. ఇద్దరికీ రేపల్లె అవతల ఏటిపాలెం అప్పగించారు. సముద్రం దగ్గర కావడం వల్ల ఆ ఊళ్ళో ఎక్కడ తవ్వినా ఉప్పునీళ్ళే పడతాయి. తాగడానికి పనికొచ్చే బావులు రెండే రెండు. ఒకటి ఊళ్ళో, ప్రెసిడెంటు రాఘవయ్యగారి ఇంటి వెనక ఉంది. రెండోది ఊరికి ఉత్తరాన, కూలి చేసుకుని బతికే క్రైస్తవుల పల్లెలో ఉంది. పల్లెవాళ్ళను ఊరి బావి గట్టు ఎక్కనివ్వరు. ఆ ఆచారం ఏటిపాలెంలోనే కాదు, నందివెలుగులోనూ ఉండేది కాబట్టి శేషగిరికి అందులో వింతేమీ కనిపించలేదు.

ఊళ్ళో బావి పని పొద్దున్నే మొదలైంది. రాఘవయ్యగారు కుర్చీలు వేయించి, కొబ్బరిబొండాలు కొట్టించి, అరుగు మీద కూర్చున్నారు. నలుగురూ చుట్టూ మూగారు. అంతమంది చూస్తుంటే శేషగిరికి ఎక్కడలేని శ్రద్ధా వచ్చింది. తాడుతో లోతు కొలిచాడు, గట్టు వెడల్పు కొలిచాడు, నీళ్ళు ఎన్ని ఉంటాయో లెక్క కట్టాడు. పరీక్ష పెట్టె తెరిచి, ఆ నీటికి ఎంత బ్లీచింగు పౌడరు కావాలో రంగు చూసి తేల్చాడు. పౌడరు తూచి, బకెట్టులో కలిపి, మడ్డి అడుగున పేరుకునేదాకా ఆగి, పైన తేరిన నీళ్ళు మాత్రం బావిలో వంచాడు.

"ఏం పనయ్యా, బంగారం తూచినట్టు! బసవపున్నయ్య కొడుకనిపించావు," అన్నారు రాఘవయ్యగారు.

పని అయ్యేసరికి ఎండ నడినెత్తి మీదికి వచ్చింది. పల్లె బావి మిగిలి ఉంది. మధ్యాహ్నం బండికి తెనాలి వెళ్ళాలని శేషగిరి పొద్దుటి నుంచీ అనుకుంటున్నాడు. ఆ రోజు అక్కడ కొత్త సినిమా విడుదల. మేనమామ కొడుకు టిక్కెట్లు కొని ఉంచాడు. సైకిలు తొక్కుకుంటూ రేపల్లె స్టేషనుకు చేరాలంటే ఇక ఎంతో వ్యవధి లేదు.

పల్లె బావి దగ్గర కుర్చీలు లేవు. చింపిరి జుట్టు పిల్లలు కొందరూ, నీళ్ళకు వచ్చిన ఆడవాళ్ళు కొందరూ దూరంగా జరిగి నిలబడ్డారు. ఇమాముద్దీన్ తాడు తీశాడు.

"ఇప్పుడు కొలతలేంట్రా? ఆ బావికి పట్టినంతే దీనికీ పడుతుంది," అన్నాడు శేషగిరి.

"ఇది చిన్న బావిరా. నీళ్ళు కూడా అడుక్కి ఉన్నాయి చూడు."

"ఎక్కువైతే క్రిములు ఇంకాస్త బాగా చస్తాయి. మనకు పోయేదేముంది? మిగిలింది మళ్ళీ రేపల్లె దాకా నువ్వు మోస్తావా?"

ఇమాముద్దీన్ తాడు మళ్ళీ చేతికి చుట్టుకున్నాడు. శేషగిరి సంచి మూతి విప్పి బావిలోకి గుమ్మరించేశాడు. తెల్లటి దుమ్ము పొగలా లేచి చుట్టూ ఉన్నవాళ్ళందరికీ దగ్గు తెప్పించింది.

"ఏంటి బాబూ అది, సున్నమా?" అని అడిగింది ఒక పెద్దామె. పేరు జ్ఞానమ్మ. ఆమె పక్కన కోడలు రాహేలు చంకలో పసిపిల్లతో, నెత్తిన ఖాళీ కుండతో నిలబడి ఉంది.

"సున్నం కాదు, మందు. రేపట్నుంచి నిక్షేపంగా తాగండి," అన్నాడు శేషగిరి సైకిలెక్కుతూ.

బండి అందింది. సినిమా బాగుంది. రెండో ఆట కూడా చూసి, మామయ్య ఇంట్లో పొద్దెక్కేదాకా నిద్రపోయాడు.

వారం తిరక్కుండానే ఏటిపాలెంలో కలరా అని కబురొచ్చింది. ఊరి బడి ఖాళీ చేయించి బెంచీల మీద రోగులను పడుకోబెట్టారు. వెంకటరత్నంగారు సెలైను సీసాలూ, సూదులూ, నలుగురు విద్యార్థులనూ వెంటబెట్టుకుని జీపులో బయల్దేరారు. ఆ ఊరు ఎరిగినవాళ్ళు కదా అని శేషగిరినీ ఇమాముద్దీన్‌నూ కూడా ఎక్కించారు.

బళ్ళో ఉన్నవాళ్ళంతా పల్లెవాళ్ళే. ఊళ్ళో ఒక్కరికీ రాలేదు. మూల బెంచీ మీద రాహేలు పడి ఉంది. కళ్ళు లోతుకు పోయాయి, చేతివేళ్ళు నీళ్ళలో నానినట్టు ముడతలు పడ్డాయి. నరం దొరకడం కష్టమైంది. శేషగిరే తంటాలు పడి సూది ఎక్కించాడు. సాయంత్రానికి ఆమె కళ్ళు తెరిచి మొగుడి పేరు పిలిచింది. ఎవరూ పలకలేదు. ఆమె మొగుడు లూకా ముందురోజే, రేపల్లె ఆసుపత్రికి తీసుకుపోతుండగా, దారిలో ఎడ్లబండిలోనే ప్రాణం వదిలాడు.

ఎవరికీ చెప్పకుండా శేషగిరి బావి దగ్గరికి వెళ్ళాడు. మధ్యలో రెండు వానలు పడటంతో వాసన చాలావరకు పోయింది. కాని బావిరాళ్ళ మీద తెల్లటి చారికలు కనిపించాయి. చేద వేసి తోడితే అడుగున సున్నపు ముద్దలాంటి మడ్డి వచ్చింది. నీళ్ళకు వచ్చిన ఒక ముసలాయన అడక్కుండానే చెప్పాడు.

"మీరు మందేసిన రోజు చూడాలయ్యా! ముక్కు దగ్గర పెట్టుకోనిస్తేనా? అన్నం వండితే చేదు. పిల్లలు థూ థూ అని ఊసేశారు. సరేలే నాలుగు రోజులు కాలవ నీళ్ళతో గడుపుకుందామనుకున్నాం. అదే మా చావుకొచ్చింది."

శేషగిరి చేతిలో చేద అలాగే ఉండిపోయింది. ఊరి బావి కూతవేటు దూరంలోనే ఉంది. అందులో మంచినీళ్ళున్నాయి, తాను స్వయంగా తూచి మందు వేసిన నీళ్ళు. పల్లెవాళ్ళు అక్కడికి పోలేరు. ఉన్న ఒక్క బావీ చెడితే పల్లెకు కాలవ తప్ప దిక్కులేదని, ఇలాంటి ఊళ్ళోనే పుట్టి పెరిగినవాడు కాబట్టి, తనకు అందరికంటే బాగా తెలియాలి. ఆ ఆలోచన ఆ రోజు రవ్వంతైనా రాలేదు.

మర్నాడు వెంకటరత్నంగారు పల్లెవాళ్ళనందరినీ బడి ముందు కూర్చోబెట్టారు. మనిషి మంచివాడే, కాని నిద్రలేక, విసుగెత్తి ఉన్నారు.

"మా పిల్లలు ఎండనక వచ్చి, మీ బావిలో మందేసి పోయారు. ఇదిగో ఈ అబ్బాయే," అంటూ శేషగిరి భుజం మీద చెయ్యి వేశారు. "వాసనొస్తోందని ఆ నీళ్ళు పారబోసి మురిక్కాలవలో నీళ్ళు తాగుతారా? ఎంత చెప్పినా మీకు బుద్ధి రాదా? మీ మనుషుల్ని మీరే చేజేతులా చంపుకున్నారు కదా!"

జ్ఞానమ్మ రెండు చేతులతో నోరు కొట్టుకుంది.

"నేనేనయ్యా చెప్పింది! నా నోరు పడిపోను! మావాడేమో ఏమీ కాదులే అమ్మా, మందు నీళ్ళే తాగుదామన్నాడు. నేనే వద్దన్నాను. కాలవకు పోయి తెమ్మని కోడల్ని నేనే పంపాను. నా కొడుకును నేనే చంపుకున్నాను!"

శేషగిరి సూదుల పళ్ళెం పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఒక్క మాట నాలుక చివరి దాకా వచ్చింది. భుజం మీద సార్ చెయ్యి ఇంకా అలాగే ఉంది. ఎదురుగా ఇమాముద్దీన్ తన వంకే చూస్తున్నాడు. శేషగిరి తల దించుకుని, పళ్ళెంలో సూదులు సరిచేస్తున్నట్టు నటించాడు. అంతలో ఎవరో జ్ఞానమ్మను లేవదీసుకుని పోయారు. చెప్పాల్సిన క్షణం దాటిపోయింది.

గుంటూరు వచ్చాక అన్నం సయించలేదు. పుస్తకం తెరిస్తే ఆ ఏడుపే వినిపించేది. శనివారం హాస్టల్లో ఉండలేక బాపట్ల బండెక్కి ఇమాముద్దీన్ ఇంటికి వెళ్ళాడు. వాళ్ళమ్మ మహబూబ్ బీ ఆప్యాయంగా కూర్చోబెట్టి వడ్డించింది. "ఏంటి నాయనా, మావాడూ నువ్వూ ఇట్టా చిక్కిపోతున్నారు? పరీక్షలా?" అని అడిగితే ఇద్దరూ అవునన్నారు.

భోజనాలయ్యాక పెరట్లో మంచం వాల్చుకుని కూర్చున్నారు.

"అక్కడ నువ్వు నోరు విప్పుతావేమోనని చూశా," అన్నాడు శేషగిరి. "నువ్వు చెబితే బాగుండుననిపించింది. చెబుతావేమోనని భయమూ వేసింది."

"నువ్వు చెబుతావని నేను చూశానురా. నేను మాత్రం ఏం ఒరగబెట్టాను? తాడు చేతిలోనే ఉంది. కొలిస్తే ఎంతసేపు పట్టేది?" అన్నాడు ఇమాముద్దీన్. "మన సంగతి సరే. ఆ ముసలామె సంగతేంటి? తన మాట వల్లే కొడుకు పోయాడనుకుంటోంది. బతికినన్నాళ్ళూ అలాగే అనుకుంటుంది."

సోమవారం ఇద్దరూ కలిసి వెంకటరత్నంగారి గదికి వెళ్ళి, జరిగింది జరిగినట్టు చెప్పారు. ఆయన కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.

"నాతో చెప్పారు, చాలు. ఇక బయట ఎక్కడా అనకండి," అన్నారు చివరికి.

"తప్పు నాది సార్. నన్ను డిబార్ చెయ్యండి."

"నిన్ను డిబార్ చెయ్యడం చిటికెలో పని. ఈ కబురు పల్లెల్లో పాకిందనుకో, రేపు ఒక్క బావి దగ్గరికీ మనల్ని రానివ్వరు. డాక్టర్లు మందేసి చంపారంటారు. వచ్చే కొత్తనీటికి ఇంకెంతమంది పోతారో ఆలోచించావా?"

"మరి జ్ఞానమ్మో సార్? ఆమెనందరి ముందూ అన్నారు గదా."

ఆయన కళ్ళజోడు పెట్టుకుని ముందున్న కాగితాలు సర్దుకున్నారు. ఆయనకూ ఆ మాట గుచ్చుకున్నట్టే ఉంది.

సార్ చెప్పింది అబద్ధం కాదు. అదే శేషగిరిని ఎక్కువ బాధ పెట్టింది. మాట్లాడకపోతే నలుగురికి మేలంటున్నారు. మాట్లాడకపోతే తనకూ మేలే. తాను ఎవరి కోసం నోరు మూసుకుంటున్నాడో ఎంత తరచి చూసుకున్నా తేలలేదు. ఆ ఏడాది ప్రజారోగ్యంలో అతనికి మంచి మార్కులు వచ్చాయి. ఆ సంగతి ఇంటికి కూడా రాయలేదు.

దసరా సెలవుల్లో నందివెలుగు వెళ్తున్నానని చెప్పి బయల్దేరినవాడు, తెనాలిలో బండి మారి రేపల్లె వైపు వెళ్ళాడు.

పల్లెలో జ్ఞానమ్మ తన ఇంట్లో లేదు. ప్రార్థన చేసుకునే పాక వసారాలో చాప వేసుకుని ఉంటోంది. లూకా పోయిన దగ్గర్నుంచీ కోడలు ఆమెతో మాట్లాడటం మానేసిందట. "నా మొగుణ్ణి మింగావు" అని ఒకనాడు రాహేలు నోరు జారితే, కాదనకుండా జ్ఞానమ్మే మూట కట్టుకుని వచ్చేసిందట. ఈ సంగతి చెప్పినవాళ్ళు కూడా జ్ఞానమ్మనే తప్పుపట్టారు.

శేషగిరి రాహేలు ఇంటికి వెళ్ళి, ఒక్కసారి పాక దగ్గరికి రమ్మని బతిమాలాడు. సూది ఎక్కించి బతికించిన డాక్టరుబాబు అడిగాడని ఆమె బిడ్డనెత్తుకుని వచ్చింది. అత్తకు ఎడంగా నిలబడింది. నలుగురు ఇరుగుపొరుగు కూడా చేరారు.

"ఆ రోజు మీ బావిలో నేను మందు ఎక్కువ పోశాను," అన్నాడు శేషగిరి. "కొలవకుండా సంచి గుమ్మరించాను. ఆ నీళ్ళు మనుషులు తాగేట్టు లేవు. మీరు వద్దనుకోవడంలో తప్పేం లేదు. జ్ఞానమ్మ తప్పు అసలే లేదు. మీరు కాలవకు పోవాల్సి వచ్చింది నా వల్ల."

ముందుగా రాహేలే నోరు విప్పింది.

"ఊళ్ళో బావిలోనూ అట్టాగే పోశారా?"

"లేదు. అక్కడ కొలిచి పోశాను."

"మాకెందుకు కొలవలేదు?"

"బండి వేళయిందని. తెనాలిలో సినిమాకు పోవాలని."

రాహేలు బిడ్డను ఒక చంక నుంచి ఇంకో చంకకు మార్చుకుంది.

"ముందు మా బావికొచ్చి, తర్వాత ఊళ్ళో బావికి పోయుంటే? బండి వేళయిందని రాఘవయ్యగారి బావిలో సంచి గుమ్మరించేవాళ్ళా?"

శేషగిరి ఇన్నాళ్ళూ తనను తాను ఎన్నో ప్రశ్నలు వేసుకున్నాడు. ఇది మాత్రం వేసుకోలేదు.

"లేదు," అన్నాడు.

జ్ఞానమ్మ చాప మీద నుంచి లేవకుండానే అతని మొహంలోకి చూసింది.

"ఆ పెద్దాయన నన్ను అంతమాట అంటుంటే నువ్వు పక్కనే ఉన్నావు గదయ్యా."

"ఉన్నాను."

"నేను నోరు కొట్టుకుంటుంటే చూశావు గదా."

"చూశాను."

ఆమె కొంగు నోట్లో కుక్కుకుని, వెనక్కీ ముందుకీ ఊగుతూ ఏడ్చింది. కొడుకు పోయిననాటి ఏడుపు కాదది. గొంతు దాటి బయటికి రాని ఏడుపు. రాహేలు బిడ్డను పక్కామె చేతికిచ్చి, పాకలోకి వెళ్ళి అత్త మూట తెచ్చింది. చాప చుట్టి చంకన పెట్టుకుంది. "లే అత్తా, ఇంటికి పోదాం," అంది. పోతూ పోతూ శేషగిరితో, "ఇక మీరు వెళ్ళండి," అంది. గట్టిగా అనలేదు. గట్టిగా తిట్టి ఉంటే బాగుండేదనిపించింది అతనికి.

వెంకటరత్నంగారు భయపడినట్టే అయింది. మరుసటి ఏడు ఆరోగ్యశాఖ వాళ్ళు వస్తే పల్లెవాళ్ళు కర్రలు పట్టుకుని బావి చుట్టూ నిలబడ్డారు. ఆ మాట పక్క పల్లెలకూ పాకింది. కొత్తనీరు వచ్చిన నెలంతా శేషగిరికి కంటిమీద కునుకు లేదు. రేపల్లె నుంచి ఎవరు వచ్చినా ఏటిపాలెంలో అందరూ బాగున్నారా అని అడిగేవాడు. తాను చెప్పిన నిజానికి ఇంకెవరు బలవుతారోనని ప్రాణాలు ఉగ్గబట్టుకుని గడిపాడు. ఆ ఏడు ఎవరికీ ఏమీ కాలేదు. అది అదృష్టమే తప్ప ఇంకేమీ కాదని అతనికి తెలుసు.

ఆ తర్వాతి ఏడు హౌస్‌సర్జన్‌గా ఉండగా, ఇమాముద్దీన్‌ను తోడు తీసుకుని తనే వెళ్ళాడు. పల్లెవాళ్ళు ససేమిరా అన్నారు. పెద్దవాళ్ళంతా కాదన్నాక రాహేలు ముందుకొచ్చింది.

"మా కళ్ళముందు కొలవండి. ఎంత పోస్తున్నారో, ఎందుకంత పోస్తున్నారో మాకు చెప్పండి. పోశాక ఇక్కడే ఉండి మొదటి చేద మీరు తాగండి. అప్పుడు మేం తాగుతాం."

అలాగే చేశారు. తాడు ఒక కొస ఇమాముద్దీన్ పట్టుకుంటే రెండో కొస రాహేలు పట్టుకుంది. శేషగిరి మొదటి చేద తాగి, సాయంత్రం దాకా ఆ గట్టు మీదే కూర్చున్నాడు. తర్వాత మిగతా పల్లెల్లోనూ అదే పద్ధతి పెట్టాడు.

చదువు పూర్తయ్యాక సర్జరీలో సీటు వచ్చే అవకాశం ఉన్నా ప్రజారోగ్యమే తీసుకున్నాడు. బసవపున్నయ్యగారు మండిపడ్డారు. "కత్తి పడతాడని చదివిస్తే బకెట్టు పట్టాడు!" అని బంధువులందరి దగ్గరా వాపోయారు. శేషగిరి కారణం చెప్పలేదు. డెబ్భైల నడిమికి తెనాలికి ఆరోగ్యాధికారిగా వచ్చాడు. కొత్తనీరు వదిలే రోజుల్లో తప్పకుండా ఏటిపాలెం వెళ్ళేవాడు. జ్ఞానమ్మ కనిపించినప్పుడల్లా ఒక మాట అడగాలనుకునేవాడు, అడగలేకపోయేవాడు. ఒక ఏడు ఇక ఉండబట్టలేక అడిగేశాడు.

"నన్ను క్షమించావా జ్ఞానమ్మా?"

ఆమె చేట పక్కన పెట్టి ఆలోచించింది. "అది నా దగ్గరుంటే ఇచ్చేదాన్నే బాబూ. వాడితోనే పోయింది," అంది. తర్వాత కళ్ళు చికిలించి, "అది సరేగాని, కళ్ళు మసకలేస్తున్నాయి. బియ్యంలో రాయి కనపట్టంలేదు. ఇటొచ్చి చూడు," అంది.

చూశాడు. రెండు కళ్ళలోనూ పొరలు ముదిరాయి. మరుసటి వారం జీపు పంపించి తెనాలి రప్పించి, దగ్గరుండి ఆపరేషను చేయించాడు. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ ఆమె అన్నంలో ఉప్పు లేదనీ, మంచం కుక్కి అయిందనీ, కట్టు ఎప్పుడు విప్పుతారనీ అతన్ని సాధించింది. శేషగిరి పొద్దునా సాయంత్రం వచ్చి ఆ మాటలన్నీ పడ్డాడు. క్షమాపణ సంగతి మళ్ళీ ఎత్తలేదు. కట్టు విప్పిన రోజు ఆమె ముందుగా రాహేలును చూసింది, తర్వాత మనవరాలిని చూసింది. ఆ తర్వాత అతని వంక తిరిగి, ఎవరో కొత్తమనిషిని చూసినట్టు చాలాసేపు చూసింది. రాహేలు చెయ్యి పట్టుకుని మెట్లు దిగి, రేపల్లె బస్సు కోసం వెళ్ళిపోయింది.